సెయింట్ మాలో నుంచి రోస్కోఫ్ దాకా నాలుగు మోటారు బోట్లు కలిసి వెళ్ళడం – తెలిసినవాళ్ళు చెప్పండి

భావనపాడు_బోటు:

అందరికీ నమస్కారమండి. మాది సంతబొమ్మాళి మండలం, భావనపాడు పక్క పల్లె. చాలా ఏళ్ళు ఫైబర్ బోటు మీద వేటకెళ్ళాను. మోకాళ్ళ నొప్పులొచ్చాక వేట మానేసి నౌపడాలో ఔట్‌బోర్డ్ ఇంజన్ల రిపేరు షాపు పెట్టుకున్నాను. మా పెద్దోడు ఫ్రాన్సులో రెన్ అనే ఊళ్ళో ఉద్యోగం చేస్తున్నాడు. ఈ జూలైలో నన్నూ వాళ్ళమ్మనీ రమ్మంటున్నాడు.

వాడి ఆఫీసు స్నేహితుడికి ఎనిమిది మీటర్ల మోటారు బోటు ఉందట. వాళ్ళ బృందంలో నాలుగు బోట్లున్నాయి. ఏటా వేసవిలో సెయింట్ మాలో అనే రేవు నుంచి బయల్దేరి, పడమరగా తీరం వెంట రేవు రేవుకీ ఆగుతూ వారం రోజులకి రోస్కోఫ్ చేరతారట. రాత్రిళ్ళు రేవులోనే బోటులో పడుకోవడం. మధ్యలో సెయింట్ కే, పాంపోల్, బ్రెయా దీవి, పెరోస్ గిరెక్. ఓ రాత్రికి జెర్సీ దీవికి కూడా వెళ్దామని ఒకాయన అంటున్నాడట. మావోడు "నాన్నా, నీ కంటే సముద్రం తెలిసినవాడు ఈ నాలుగు బోట్లలో ఎవడూ లేడు, నువ్వు రావాల్సిందే" అంటున్నాడు.

నాకూ మనసు లాగుతోంది. కానీ నాకు తెలిసిన సముద్రం వేరు. ఇసుక ఒడ్డు నుంచి బోటుని తోసి, కెరటాలు దాటించి, తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ కెరటం చూసి ఒడ్డెక్కించడం నాకు తెలుసు. మన జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉన్నా రేవు లోపలికి బోటు నడిపి గట్టుకి కట్టే అలవాటు మా తరంలో ఎవరికీ లేదు. అక్కడ రాళ్ళు ఎక్కువంటున్నారు. నా అనుభవం అక్కడ ఎంతవరకు పనికొస్తుంది? బోటెక్కడానికి నాకేమైనా లైసెన్సు కావాలా? వీసా సంగతేటి? నాలుగు బోట్లు కలిసి వెళ్తే భయపడాల్సింది లేదని మావోడంటున్నాడు, అది నిజమేనా? ఆ తీరం తెలిసినవాళ్ళుంటే దయచేసి వివరంగా చెప్పండి. మా ఆవిడకి కూడా చదివి వినిపించాలి.


గంటస్తంభం_దగ్గర:

అన్నయ్యగారూ, బోటు సంగతి నాకు తెలీదు గానీ వీసా సంగతి చెప్తాను. మాది విజయనగరం. మా అక్కావాళ్ళు ఫ్రాన్సులోనే నాంత్‌లో ఉంటారు, అమ్మానాన్నల కాగితాలన్నీ నేనే చూసుకున్నాను.

మీరు తీసుకునేది షెంగెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసా. ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులకి మించి ఉండకూడదు. ట్రావెల్ ఇన్సూరెన్సు కనీసం 30,000 యూరోలకి ఉండాలి. పాలసీ తీసుకునేటప్పుడు సొంత బోటు మీద సముద్ర ప్రయాణం వర్తిస్తుందా లేదా అని రాతపూర్వకంగా అడగండి. చాలా పాలసీల్లో ఆ మాట చిన్న అక్షరాల్లో ఉంటుంది.

అసలు చెప్పాల్సింది జెర్సీ గురించి. మ్యాపులో ఫ్రాన్సు ఒడ్డునే ఆనుకున్నట్టు కనిపిస్తుంది, కానీ అది ఫ్రాన్సు కాదు, షెంగెన్‌లో లేదు. బ్రిటిష్ రాజుగారి కిందుండే దీవి. ఫ్రాన్సు వాళ్ళు తేలిగ్గా వెళ్ళొస్తారు కాబట్టి ఆ బోటువాళ్ళకి అసలు ఆలోచనే రాదు. మన పాస్‌పోర్టుకి దానికి వేరే వీసా కావాలి. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మీ షెంగెన్ వీసా స్టిక్కరు మీద ఎంట్రీల గడిలో 1 అని ఉంటే, జెర్సీకి బయల్దేరిన క్షణం ఆ వీసా అయిపోయినట్టే, మళ్ళీ సెయింట్ మాలోకి రావడానికి వీలుండదు. 'మల్ట్' అని ఉంటేనే తిరిగి రావచ్చు. మీ అబ్బాయికి అక్కడి రెసిడెన్సు కార్డు ఉంటుంది, తన సంగతి వేరు. మీ గురించీ వదినగారి గురించీ విడిగా చూడాలి. నన్నడిగితే ఈసారికి జెర్సీ వదిలేయమని చెప్పండి.


కవిటి_సరంగు:

తమ్ముడూ, వెళ్ళు. ముందు ఆ మాట చెప్పి తరవాత మిగతావి చెప్తాను.

నాది కవిటి మండలం. ఉద్దానంలో కుర్రాళ్ళు ఓడ ఉద్యోగాలకి బారులు తీరిన రోజుల్లో నేనూ ఎక్కాను, డెక్కు మీద పని నేర్చుకుని బోసన్‌గా, అంటే డెక్కు పనివాళ్ళ పెద్దగా, రిటైరయ్యాను. మా అమ్మాయి సెయింట్ బ్రియోలో స్థిరపడింది. సరిగ్గా నువ్వు చెప్పిన దారి మధ్యలో ఉంటుంది ఆ ఊరు. అల్లుడికి బోటంటే ప్రాణం. రిటైరయ్యాక వేసవులు చాలామట్టుకు వాళ్ళ దగ్గరే గడిపాను, ఇలా నాలుగైదు బోట్లు కలిసి వెళ్ళే ప్రయాణాల్లో తిరిగాను. ఆ తీరమంటే నాకు గౌరవం. పెద్ద ఓడ మీద లోకమంతా తిరిగినవాడికి కూడా అక్కడ కొత్తగా నేర్చుకోవాల్సింది ఉంది.

నీ లైసెన్సు ప్రశ్న తేలిక. ఆరు హార్స్‌పవర్ దాటిన మోటారు బోటుకి బాధ్యుడైనవాడికి అక్కడ పర్మిట్ ఉండాలి. తీరం పర్మిట్ ఉన్నవాడు ఆశ్రయమిచ్చే రేవుకి ఆరు మైళ్ళ లోపు తిరగొచ్చు, అంతకన్నా బయటికెళ్తే ఇంకో పెద్ద పర్మిట్. ప్రయాణికుడిగా కూర్చునే నీకు ఏదీ అక్కర్లేదు. స్టీరింగు పట్టుకోమని మీవోడు ముచ్చటపడితే ఆ బోటు యజమానినీ, ఇన్సూరెన్సునీ అడిగి పట్టుకో.

ఇక అసలు విషయం. మన తీరంలో ఎంత పెద్ద అమావాస్య పోటైనా నీరు ఒకటిన్నర మీటరు, మహా అయితే రెండు మీటర్లు లేస్తుంది. సెయింట్ మాలోలో పెద్దపోటు రోజున పన్నెండు మీటర్లు లేస్తుంది, అంటే నాలుగంతస్తుల మేడ ఎత్తు. పొద్దున బోట్లు తేలిన చోట మధ్యాహ్నం జనం బూట్లేసుకుని గుల్లలు ఏరుకుంటారు. ఊరి పక్కనే రాన్స్ నది మూతికి కట్టిన ఆనకట్ట ఈ పోటుపాట్ల బలంతోనే 1966 నుంచి కరెంటు తీస్తోంది, 240 మెగావాట్లది.

నీరు ఆరు గంటలు దిగుతుందనుకో, ఆ దిగడం సమానంగా ఉండదు. దానికి సరంగులందరూ వాడే పన్నెండో వంతుల లెక్క ఉంది. మొత్తం ఎత్తుని పన్నెండు వంతులు చెయ్యి. మొదటి గంటలో ఒక వంతు దిగుతుంది, రెండో గంటలో రెండు, మూడో గంటలో మూడు, నాలుగో గంటలో మూడు, అయిదులో రెండు, ఆరులో ఒకటి. పన్నెండు మీటర్ల రోజున వంతుకి ఒక మీటరు. అంటే మూడో గంటలో మూడు మీటర్లు, నిమిషానికి అయిదు సెంటీమీటర్లు. నువ్వు గట్టు మీద నిలబడి బీడీ వెలిగించి ఆర్పేలోగా ఆ తేడా కంటికి కనిపిస్తుంది.

ఇంత నీరు వచ్చిపోయే చోట రేవులో బోట్లు బురదలో కూర్చోకుండా ఉండాలని చాలా రేవుల గుమ్మంలో నీటి అడుగున ఒక గట్టు కట్టారు. బయట నీరు దిగిపోయినా లోపల కొంత నిలుస్తుంది. సెయింట్ మాలోలో మీరు కట్టేది బహుశా బా సాబ్లో రేవు. అక్కడి గట్టు చార్టులో సున్నా అని గుర్తు పెట్టిన మట్టానికి రెండు మీటర్ల పైన ఉంటుంది. గట్టు మీద ఇప్పుడెంత నీరుందో చూపించే బోర్డు కూడా పెట్టారు.

నాలుగు బోట్లు కలిసి వెళ్తే భయం లేదంటున్నాడు కదా మీవోడు, ఈ లెక్క వాడికి చూపించు. పెద్దపోటు రోజు, పోటు ఎత్తు 12.7 మీటర్లు, పాటు 0.7. తేడా పన్నెండు. పోటు దాటి నాలుగు గంటలయ్యేసరికి తొమ్మిది మీటర్లు దిగి 3.7 మిగిలింది. గట్టు రెండు తీసేస్తే గట్టు మీద 1.7 మీటర్ల నీరు. ముందు బోటు మీటరు లోతు దిగేది, హాయిగా దాటింది. అయిదో గంటలో నీరు రెండు మీటర్లు దిగాలి. నాలుగో బోటు డీజిల్ కోసమో, ఫొటోల కోసమో ఆగి అరగంట వెనకొచ్చింది. అప్పటికి ఇంకో మీటరు పోయి గట్టు మీద 0.7 మాత్రమే ఉంది. అదే గుమ్మం, అదే లోతు బోటు, ముందువాడు దాటాడు, వెనకవాడు రాతికట్టు మీద కూర్చుంటాడు. పైగా నీరు ఇంకా దిగుతోంది కాబట్టి తేలే మార్గం లేదు, బోటు ఓ పక్కకి ఒరిగిపోతుంది.

మా అల్లుడి బృందం ఓ పెద్దపోటు రోజు తిరిగొస్తుంటే అచ్చం ఈ సమయానికే గుమ్మం దగ్గరకి చేరాం. మేం దాటేశాం. ఆఖరి బోటు వెనకబడింది. లోపల కట్టేసినవాళ్ళు రేడియోలో "వచ్చెయ్, మేం బాగానే వచ్చాం" అని పిలుస్తున్నారు. ఆ బోటు నడిపేది అరవై దాటిన ఒక స్కూలు టీచరమ్మ. ఆవిడ బోర్డు చూసింది, తన కాగితం చూసుకుంది, "నాకు చాలదు" అని ఒక్క మాట చెప్పి బోటు తిప్పేసి బయట నీటి మీద తేలే బోయకి కట్టుకుంది. నాలుగ్గంటలు అక్కడే కూర్చుని, వంట చేసుకుని తిని, నీరెక్కాక నిమ్మళంగా లోపలికొచ్చింది. ఆ రోజు నుంచి ఆ బృందంలో ఎవరినడిగినా సరంగు అంటే ఆవిడ పేరే చెప్తారు.

కాబట్టి నేను చెప్పేదొక్కటే. గుంపుగా వెళ్ళడం మంచిదే. ఇంజన్ ఆగితే లాగడానికి ఇంకో బోటుంటుంది, పొగమంచులో తోడుంటుంది, సాయంత్రం కబుర్లుంటాయి. కానీ లెక్క మాత్రం గుంపుది కాదు, ప్రతి బోటుకీ విడిగా ఉండాలి. ప్రతి బోటులో ఆ రోజు పోటు ఎప్పుడు, పాటు ఎప్పుడు, తన బోటు ఎంత లోతు దిగుతుంది, తను ఏ గుమ్మం ఏ గంటలోపు దాటాలి, దాటలేకపోతే ఎక్కడికి పోవాలి అని చేత్తో రాసిన కాగితం ఉండాలి. ముందు బోటు వెనక నురగ చూసుకుంటూ నడిపేవాడు ఆ తీరంలో ఎక్కువ కాలం నిలవడు.

ప్రవాహాల సంగతి కూడా చూడు. ఆ తీరంలో పోటు నీరు ఇంచుమించు తూర్పుకి, పాటు నీరు పడమరకి పారుతుంది. మీరు పడమరకి వెళ్తున్నారు, కాబట్టి పోటు తిరిగే వేళకి బయల్దేరితే నీరే మిమ్మల్ని మోసుకెళ్తుంది. ఎదురెళ్తే పెద్దపోట్ల రోజుల్లో కేప్ ఫ్రెయెల్ దగ్గర, బ్రెయా బయట ఎయో దీపస్తంభం దగ్గర గంటకి మూడు నాలుగు మైళ్ళ ప్రవాహం ముందుకి కదలనివ్వదు. దానికి ఎదురుగాలి తోడైతే కెరటం నిలువుగా లేస్తుంది. కానీ పాటుతో వెళ్తే చేరేసరికి పాటు అడుగంటి ఉంటుంది, అప్పుడు గుమ్మాలున్న రేవులన్నీ మూసి ఉంటాయి. అందుకే తెలిసినవాళ్ళు మొదటి మజిలీకి సెయింట్ కే పెట్టుకుంటారు. ముప్పై మైళ్ళ పైచిలుకు దూరం, ఏ వేళకి చేరినా లోపల లోతు ఉంటుంది. మీవాళ్ళు కూడా అదే పెట్టుకున్నారంటే ఆ ప్రయాణం వేసినవాడు తెలిసినవాడే. చివర రోస్కోఫ్‌లో బ్లోస్కోన్ రేవు కూడా అలాంటిదే. మధ్యలో పాంపోల్‌కి మాత్రం తలుపులున్నాయి, పోటుకి సుమారు రెండు గంటల ముందూ వెనకా తెరుస్తారు. పెరోస్ గిరెక్‌కీ తలుపుంది. చిన్నపోట్ల రోజుల్లో అది సరిగ్గా తెరుచుకోని రోజులు కూడా ఉంటాయి, ముందురోజే రేవు ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కోవాలి.

నీ అనుభవం పనికొస్తుందా అన్నావు. గాలి వాసన పట్టడం, కెరటం చూసి ఇంజన్ తగ్గించడం, మాట తక్కువగా ఉండటం, ఇవన్నీ పనికొస్తాయి. ఒక్క అలవాటు మాత్రం ఇక్కడే వదిలేసి వెళ్ళు. మన దగ్గర వాతావరణం చెడితే ఒడ్డుకి పరిగెడతాం, ఇసుక మీద బోటు ఎక్కిస్తే ప్రాణం నిలుస్తుంది. అక్కడ ఒడ్డంటే గ్రానైట్ రాళ్ళు. పొగమంచు కమ్మితే, గాలి పెరిగితే, దారి అనుమానంగా ఉంటే ఒడ్డుకి దూరంగా, లోతు నీళ్ళలోకి పోవాలి. ఆ క్షణంలో నీ ఒళ్ళు నిన్ను ఒడ్డు వైపు లాగుతుంది. మీవోడు నీ మాట వింటాడు కాబట్టి మరీ చెప్తున్నాను.

నీకు సంతోషం కలిగించే సంగతి ఒకటుంది. బోయల రంగులు అక్కడా ఇక్కడా ఒకటే పద్ధతి. రేవులోకి వస్తుంటే ఎరుపు ఎడమ చేతి వైపు, ఆకుపచ్చ కుడి చేతి వైపు.

రేడియో, చలి, సామాన్ల గురించి రేపు రాస్తాను, చూపు ఆగడం లేదు.


బొబ్బిలి_కుర్రోడు:

నాకు బోట్లు తెలీవు గానీ సెయింట్ మాలో పేరు చూసి ఆగలేకపోయాను. 1746లో ఇంగ్లీషువాళ్ళ నుంచి మద్రాసు పట్టుకున్న లా బూర్దొనే పుట్టింది ఆ ఊళ్ళోనే, 1699లో. పదకొండేళ్ళ తరవాత, 1757లో బుస్సీ ఫిరంగులతో మా బొబ్బిలి కోట మీదికొచ్చాడు. అప్పటికి శ్రీకాకుళం సర్కారు ఫ్రెంచివాళ్ళ చేతిలోనే ఉంది. సుర్‌కూఫ్ అని ఇంకో సెయింట్ మాలో వాడు మన బంగాళాఖాతంలోనే 1800లో 'కెంట్' అనే ఇంగ్లీషు ఓడని పట్టుకున్నాడు. ఊళ్ళో వాడి విగ్రహం ఉంటుంది. ఆ ఊరి కోటగోడల మీద నడిచేటప్పుడు ఈ సంగతులు మీ అబ్బాయికి చెప్పండి బాబాయ్. మన తీరానికి వచ్చిన ఓడలు కొన్ని అక్కణ్ణుంచి బయల్దేరినవే.


కవిటి_సరంగు:

బొబ్బిలి తమ్ముడు మంచి మాట గుర్తుచేశాడు. దానికి తోడు నాదొకటి. పాంపోల్‌లో దిగినప్పుడు పక్కనున్న ప్లూబాజ్లానెక్ అనే ఊరి శ్మశానానికి వెళ్ళు, నడిచే దూరమే. పాంపోల్ వాళ్ళు 1852 నుంచి 1935 దాకా చేపల కోసం తెరచాప ఓడల మీద ఐస్లాండు సముద్రానికి పోయేవారు. శీతాకాలం చివర బయల్దేరితే నెలల తరబడి ఇంటికి దూరం. సుమారు 2000 మంది తిరిగి రాలేదు. శవాలు దొరకలేదు కాబట్టి శ్మశానం గోడకి పలకలు కొట్టారు. ఓడ పేరు, మనుషుల పేర్లు, సంవత్సరం, "సముద్రంలో కనుమరుగయ్యారు" అని. ఒకే ఇంటిపేరు నాలుగైదు పలకల మీద కనిపిస్తుంది. మన పల్లెల నుంచి గుజరాత్‌లో వేరావల్ రేవుకి వేటకెళ్ళి నెలలకొద్దీ రానివాళ్ళ ఇళ్ళు నువ్వూ చూశావు, నేనూ చూశాను. మన ఆడవాళ్ళు ఎదురుచూసిన చూపు ఆ ఊరి ఆడవాళ్ళకి కూడా తెలుసు. మీ ఆవిడనీ తీసుకెళ్ళు.

ఇక మిగతావి. జూలైలో కూడా అక్కడ నీళ్ళు 16, 17 డిగ్రీలే. మన నీళ్ళలో పడితే గంటల తరబడి ఈదొచ్చు, అక్కడ పడితే కాసేపటికే చేతులు మాట వినవు. కాబట్టి లైఫ్ జాకెట్ బోటులో పెట్టె అడుగున ఉంటే కుదరదు, ఒంటి మీద ఉండాలి. ఒడ్డుకి దగ్గరైతే ఏం, దూరమైతే ఏం, మనిషికొకటి ఉండాలని అక్కడి రూలు కూడా. రేవు నుంచి రెండు మైళ్ళు దాటితే ఆపద తెలిపే ఎర్ర మంట పుల్లలు, ఆరు దాటితే తెప్ప, బిగించిన వీహెచ్ఎఫ్ రేడియో, ఇలా పెరుగుతాయి. ఉన్ని బనీను, గాలి ఆపే కోటు కొనుక్కో. మంకీ టోపీ మన ఊళ్ళో కొన్నదే పట్టుకెళ్ళు.

రేడియోలో 16వ ఛానెల్ ఎప్పుడూ వింటూ ఉండాలి, అది ఆపదకి. రేవులతో మాట్లాడటానికి 9. మీ నాలుగు బోట్లు మీలో మీరు మాట్లాడుకోవడానికి 72. ఫోన్ పనిచేసే చోట ఆపదొస్తే 196 కొడితే తీరరక్షణ వాళ్ళు పలుకుతారు. వాళ్ళు పంపే నారింజ రంగు బోట్లలో వచ్చేవాళ్ళు ఎక్కువమంది జీతం లేని స్వచ్ఛంద సేవకులు. 1967 నుంచి ఆ సేవకుల సంఘం నడుస్తోంది. రేవులో వాళ్ళ చందా డబ్బా కనిపిస్తే ఏదో ఒకటి వెయ్యి.

నడిచే వరుస గురించి. బాగా తెలిసినవాడు ముందు, అందరికన్నా నెమ్మది బోటు రెండోది, బలమైన ఇంజనూ మంచి రేడియో ఉన్నది ఆఖర్న. వేగం నెమ్మది బోటుది. ఆఖరి బోటువాడు అరగంటకోసారి "నలుగురం ఉన్నాం" అని చెప్పాలి. తీరానికి 300 మీటర్ల లోపు అయిదు నాట్లు, అంటే గంటకి అయిదు సముద్రపు మైళ్ళు, దాటకూడదు. పీతల బుట్టలకి కట్టిన బోయలు దారంతా ఉంటాయి, ప్రవాహం బలంగా ఉన్నప్పుడు అవి సగం మునిగి కనబడవు, నీ కళ్ళు అక్కడ పనికొస్తాయి. డీజిల్ మూడు వాటాలు: వెళ్ళడానికొకటి, రావడానికొకటి, ముట్టుకోకుండా ఒకటి.

రేవులో జాగా లేకపోతే బోటు పక్కన బోటు కట్టిస్తారు. అప్పుడు గట్టుకి నడవాలంటే పక్క బోటు మీదుగా పోవాలి. ముందు డెక్కు మీదుగానే వెళ్ళు, వాళ్ళు కూర్చునే వెనక భాగం మీదుగా కాదు. అది వాళ్ళ ఇంటి నడిమి గది కింద లెక్క.


భావనపాడు_బోటు:

అన్నయ్యా, మీరు రాసింది ప్రింటు తీయించి మా ఆవిడకి చదివాను. వేరావల్ మాట దగ్గర ఆపమంది. మా బావమరిది అలాగే వెళ్ళినవాడు. ఆ గోడ దగ్గరకి తప్పకుండా వెళ్తామని మీకు చెప్పమంది.

విజయనగరం చెల్లెమ్మా, జెర్సీ తీసేయించాను. మావోడికి అసలు తెలీదట.

అన్నయ్యా, ఇంకో రెండు ప్రశ్నలు. ఏ వారం వెళ్ళాలో నన్నే చెప్పమంటున్నారు, నేను పోట్లు తెలిసినవాణ్ణని వాళ్ళ నమ్మకం. వాళ్ళు పంపిన పట్టికలో ప్రతి రోజుకీ 45, 70, 95 అని ఏవో అంకెలున్నాయి. అవేటి? రెండోది, ఇంజన్ మనిషిగా నేను ఏం పట్టుకెళ్ళాలి?


కవిటి_సరంగు:

ఆ అంకెలు పోటు బలం. ఫ్రాన్సులో ప్రతి పోటుకీ 20 నుంచి 120 దాకా ఒక అంకె ఇస్తారు. 45 అంటే మామూలు చిన్నపోటు, 95 అంటే మామూలు పెద్దపోటు, 70 నడిమిది. పట్టికలో వేళలు చాలాచోట్ల చలికాలం గడియారంలో అచ్చేస్తారు, వేసవిలో ఒక గంట కలపాలి. కొన్ని రేవులు కలిపే ఇస్తాయి. పైన ఏం రాసుందో చదివించు.

ఏ వారమో నీకు పంచాంగమే చెప్తుంది. అక్కడ పెద్దపోటు అమావాస్యకీ పౌర్ణమికీ ఒకటిన్నర, రెండు రోజుల తరవాత వస్తుంది. చిన్నపోటు అలాగే అష్టమి దాటిన రెండో రోజుకి. మీ దారికైతే నేను శుద్ధ ఏకాదశికి బయల్దేరమంటాను. అప్పుడు అంకె యాభై దరిదాపుల్లో ఉంటుంది, ప్రవాహం మెత్తగా ఉంటుంది. చిన్నపోటు రోజుల్లో సెయింట్ మాలోలో పాటు వేళ కూడా నీరు నాలుగు మీటర్ల దగ్గరుంటుంది కాబట్టి బా సాబ్లో గట్టు మీద నీ బోటుకి రోజంతా లోతు దొరుకుతుంది. కొత్తవాళ్ళకి మొదటి రోజు అది మంచిది. పౌర్ణమి నాటికి పెరోస్ గిరెక్ చేరతారు, అప్పటికి అంకె పెరిగి తలుపు బాగా తెరుచుకుంటుంది. అదే పౌర్ణమి దాటాక బయల్దేరితే తిరగబడుతుంది. మొదటి రోజే పెద్ద ప్రవాహం, పెరోస్ చేరేసరికి చిన్నపోటు, తలుపు అనుమానం. ఏకాదశి నుంచి వెళ్తే చివరి రెండు రోజులూ ప్రవాహం గట్టిగా ఉంటుంది, అప్పటికి మీ నాలుగు బోట్లకీ ఒకరి సంగతి ఒకరికి తెలిసి ఉంటుంది కాబట్టి పర్లేదు. పెరోస్ ఎదురుగా ఏడు దీవులున్నాయి, 1912 నుంచి పక్షులని కాపాడే చోటు. అక్కడ చాలామట్టుకు దీవుల్ని దూరం నుంచే చూడనిస్తారు. నీళ్ళు నిమ్మళంగా ఉంటే ఓ పూట పెట్టుకోండి.

ఇంజన్ సామాన్లు నీకు నేను చెప్పేదేముంది. నీళ్ళ పంపు ఇంపెల్లరు, ఫ్యూయల్ ఫిల్టరు, బెల్టు, ఫ్యూజులు, ప్రొపెల్లరుకి చుట్టుకున్న తాడు కోసే కత్తి. అయితే ఇక్కణ్ణుంచి మోయకు. నాలుగు బోట్ల ఇంజన్ల మోడళ్ళు ముందే తెప్పించుకుని, ఏ సామాను కావాలో పేర్లు రాసి మీవోణ్ణి అక్కడే కొనమను. కిల్ స్విచ్ తాడు (నడిపేవాడు పడిపోతే ఇంజన్ ఆపేది) ప్రతి బోటులో పనిచేస్తోందో లేదో మొదటి సాయంత్రం నువ్వే లాగి చూడు.

ఇంకో మాట. నాలుగు బోట్లూ ఎంత లోతు దిగుతాయో అంకెలు తెప్పించుకున్నావా? అది లేకుండా కాగితం రాయలేవు.


భావనపాడు_బోటు:

తెప్పించానన్నయ్యా. మూడు బోట్లవి వచ్చాయి, 0.8, 0.9, 1.1. నాలుగో ఆయన కంపెనీ పుస్తకంలో 0.6 అని ఉందని పంపాడు. మోడల్ చూశాను, జంట ఔట్‌బోర్డులు. ఆ 0.6 లెగ్గులు, అంటే ఇంజన్ల నీళ్ళలోకి దిగే కింది భాగాలు, పైకెత్తినప్పటి లెక్క అనిపిస్తోంది. లెగ్గులు దించితే తక్కువలో తక్కువ ఇంకో జానెడున్నర దిగుతుంది, పైగా వారానికి సరిపడా సామానూ, ఆరుగురు మనుషులూ, నిండు ట్యాంకూ ఉంటాయి. పుస్తకం పక్కన పెట్టి, అన్నీ ఎక్కించాక రేవులో కర్రకి గుర్తులు పెట్టి నేనే కొలుస్తానని చెప్పమన్నాను. ఆయన సరేనన్నాడట. ముందురోజు మధ్యాహ్నం నాలుగు బోట్లూ కొలుస్తాం.

పంచాంగం తీశాను. శుద్ధ ఏకాదశి శనివారం పడింది, వాళ్ళకీ సెలవులకి కుదిరింది.